సూపర్‌మ్యాన్ లెక్కలో 200 మిలియన్లు ఎక్కడ పోయాయి?

ఈ జులైలో నా రూమ్మేట్‌కి ఒక ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ బాకీ పడ్డాను. పందెం చాలా సింపుల్. జేమ్స్ గన్ తీసిన 'సూపర్‌మ్యాన్' ప్రపంచం మొత్తం మీద ఎంత వసూలు చేస్తుంది? వాడు ఫోన్‌లోంచి తల కూడా ఎత్తకుండా "ఆరొందలు" అన్నాడు. నేను రెండు వీకెండ్లు కూర్చుని, పదేళ్ల సూపర్‌హీరో సినిమాల వసూళ్లన్నీ ఎక్సెల్‌లో పెట్టి, పైథాన్‌లో ఓ స్క్రిప్ట్ రాసి, 807 మిలియన్ డాలర్లు అని తేల్చాను. సినిమా చివరికి 616 మిలియన్ల దగ్గర ఆగింది. దాదాపు 200 మిలియన్ల తేడా. మన రూపాయల్లో చెప్పాలంటే 1,600 కోట్ల పైమాటే.

బిర్యానీతో పోయేదే. కానీ దసరాకి ఊరెళ్లినప్పుడు బాబాయ్ అడిగిన ప్రశ్న నన్ను మళ్లీ ఆ ఎక్సెల్ ముందు కూర్చోబెట్టింది.

మా బాబాయ్ పశ్చిమ గోదావరిలో ఓ చిన్న టౌన్‌లో థియేటర్ లీజుకి తీసుకుని నడుపుతారు. సింగిల్ స్క్రీన్. ఆ లీజు వచ్చే మార్చితో అయిపోతుంది. ఇంకో రెండేళ్లు పొడిగించాలా, వదిలేయాలా అన్నది ఆయన సమస్య. "మన పెద్ద హీరోలు రెండేళ్లకో బొమ్మ వదులుతున్నారు. మధ్యలో నెలల తరబడి కరెంట్ బిల్లుకి కూడా రావట్లేదు. ఏరా, నువ్వు ఆ ఇంగ్లీష్ డబ్బింగ్ సినిమాల లెక్కలు వేస్తావంట కదా. వచ్చే రెండేళ్లలో వాటిలో ఎన్ని ఆడతాయో చెప్పు" అన్నారు.

ఆయనకి ఈ విషయంలో పాత దెబ్బ ఒకటి ఉంది. 2019 ఏప్రిల్‌లో 'ఎవెంజర్స్: ఎండ్‌గేమ్' వచ్చినప్పుడు, డబ్బింగ్ బొమ్మకి ఎవరొస్తారులే అని వేయలేదు. పక్క టౌన్‌లో వేశారు. మా ఊరి ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాళ్లు బస్సులెక్కి మరీ వెళ్లారు. థానోస్‌కి తెలుగులో రానా గొంతు కూడా ఉండేసరికి ఇంట్లోవాళ్లనీ తీసుకెళ్లారు. ఆ సినిమా ఇండియాలోనే 350 కోట్ల నెట్ దాటింది. బాబాయ్‌కి అందులో ఒక్క రూపాయి రాలేదు.

సరే, అసలు ఈ లెక్క ఎలా వేస్తారో ముందు చూద్దాం.

హాలీవుడ్ సినిమా వసూళ్లు అంచనా వేయడానికి కావాల్సినవి ముఖ్యంగా మూడు అంకెలు. ఒకటి, అమెరికాలో మొదటి మూడు రోజుల ఓపెనింగ్. రెండు, ఆ ఓపెనింగ్‌కి ఎన్ని రెట్ల దగ్గర అక్కడి రన్ ముగుస్తుంది, అంటే మల్టిప్లయర్. మూడు, మొత్తం వసూళ్లలో అమెరికా వాటా ఎంత శాతం. మొదటి రెండూ గుణించి, మూడోదానితో భాగిస్తే ప్రపంచం లెక్క వచ్చేస్తుంది. ఎనిమిదో తరగతి లెక్క. పైథాన్ ఎందుకు వాడావని అడక్కండి.

వీటిలో అందరూ కొట్టుకునేది ఓపెనింగ్ గురించే. విడుదలకి మూడు వారాల ముందు నుంచే ట్రాకింగ్ అంకెలు బయటికొస్తాయి, ఫ్యాన్స్ స్క్రీన్‌షాట్లు పెట్టుకుని తిట్టుకుంటారు. కానీ సినిమా సంగతి చెప్పేది రెండో అంకె. 2016లో 'బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్' అమెరికాలో 166 మిలియన్లతో మొదలైంది. పండగే అనుకున్నారు. రెండో వీకెండ్‌లో 69 శాతం పడిపోయింది. మొత్తం 330 దగ్గర ఆగింది, అంటే రెండు రెట్లు కూడా లేదు. తర్వాతి ఏడాది 'వండర్ ఉమన్' 103 మిలియన్లతో మొదలై, రెండో వీకెండ్‌లో 43 శాతమే తగ్గి, 412 దాకా వెళ్లింది. నాలుగు రెట్లు! ఓపెనింగ్‌లో వెనకబడిన సినిమా చివరికి 80 మిలియన్లు ఎక్కువ తెచ్చింది.

ఇది బాబాయ్‌కి చెబితే నవ్వారు. ఆయన ముప్ఫై ఏళ్లుగా చూసేది ఒకటే, సోమవారం మ్యాట్నీ. "ఆదివారం దాకా వచ్చేవాడు హీరో కోసం వస్తాడు. సోమవారం మధ్యాహ్నం పని మానుకుని వచ్చేవాడు, ముందు చూసినోడు చెబితే వస్తాడు." దీన్నే ఇప్పుడు మనం ట్విట్టర్‌లో మండే టెస్ట్ అంటున్నాం.

నా ఎక్సెల్‌లో ఇంకో విషయం కూడా బయటపడింది. ఫ్రాంచైజీ సినిమాలో ఓపెనింగ్ అనేది చాలావరకు దాని ముందు వచ్చిన సినిమాకి పడే మార్కు. 'బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్' చూసి మోసపోయామనుకున్నవాళ్లు, ఏడాదిన్నర తర్వాత 'జస్టిస్ లీగ్'కి రాలేదు. అందరు హీరోలున్న సినిమా 94 మిలియన్లతో మొదలైంది, ఒంటరిగా వచ్చిన వండర్ ఉమన్ కంటే తక్కువ. దీనికి తిరగేసిన కేసు 'కెప్టెన్ మార్వెల్'. 'ఇన్ఫినిటీ వార్'కీ 'ఎండ్‌గేమ్'కీ మధ్యలో వచ్చింది కాబట్టి, ఆ ఊపులో 1.13 బిలియన్లు తెచ్చుకుంది. 2023లో దాని సీక్వెల్ 'ది మార్వెల్స్' వచ్చేసరికి ఆ ఊపు లేదు. 46 మిలియన్ల ఓపెనింగ్, రెండో వీకెండ్‌లో 78 శాతం డ్రాప్, మొత్తం 206 మిలియన్లు. ఖర్చు అంతకంటే ఎక్కువ.

నాకు అన్నిటికంటే జాలేసింది ఈ ఏడాది మే నెలలో వచ్చిన 'థండర్‌బోల్ట్స్' మీద. రివ్యూలు బాగున్నాయి. అమెరికాలో మొదటి రోజు ప్రేక్షకులని అడిగి గ్రేడ్లిచ్చే సినిమాస్కోర్ దానికి ఏ మైనస్ ఇచ్చింది. అయినా ఓపెనింగ్ 74 మిలియన్లే, మొత్తం 382. దానికి మూడు నెలల ముందు వచ్చిన 'కెప్టెన్ అమెరికా: బ్రేవ్ న్యూ వరల్డ్'కి వచ్చిన గ్రేడ్ బీ మైనస్. అన్న చేసిన అప్పు తమ్ముడు కట్టినట్టు అయింది.

ఇక నా తప్పు దగ్గరికి వస్తాను.

సూపర్‌మ్యాన్ ఓపెనింగ్ 130 మిలియన్లు, మల్టిప్లయర్ 2.7 అనుకున్నాను. అమెరికాలో మొత్తం 351 రావాలి. నిజంగా వచ్చింది 125 ఓపెనింగ్, మొత్తం 354. మూడు మిలియన్ల తేడా! ఆ ఒక్క అంకె ఫ్రేమ్ కట్టించి గోడకి తగిలించుకోవచ్చు. గొడవంతా మూడో అంకెలో ఉంది. అమెరికా వాటా కోసం నేను 2013 నాటి 'మ్యాన్ ఆఫ్ స్టీల్'ని తీసుకున్నాను. అదే హీరో, అదే స్టూడియో, ఇంతకంటే దగ్గరి పోలిక ఏముంటుంది అనుకున్నా. ఆ సినిమా మొత్తం 668 మిలియన్లలో అమెరికాది 291, అంటే 43.5 శాతం. కొత్త సినిమాలో ఆ వాటా 57 శాతం దాటిపోయింది. బయటి దేశాల్లో పాత సినిమాకి 377 వస్తే, కొత్తదానికి 262 మాత్రమే.

అంటే బయట 115 మిలియన్లు మాయం. అందరూ చైనా అంటారు. నిజమే, మ్యాన్ ఆఫ్ స్టీల్‌కి చైనాలో 63 మిలియన్లు వచ్చాయి, కొత్త సినిమాకి పది మిలియన్ల చుట్టూ ఆగిపోయింది. కానీ అది తీసేసినా ఇంకో 60 మిలియన్లు మిగతా దేశాల్లో తగ్గాయి. పైగా ఈ పన్నెండేళ్లలో టికెట్ ధరలు పెరిగాయి కాబట్టి, మనుషుల లెక్కలో తగ్గుదల ఇంకా పెద్దది. చైనా ప్రేక్షకుడు సినిమాలు మానేయలేదు. ఈ ఏడాది వాళ్ల యానిమేషన్ సినిమా 'నేజా 2' ఒక్కటే రెండు బిలియన్లు దాటింది, దాదాపు మొత్తం అక్కడే. వాళ్ల కథ వాళ్లకి దొరికింది.

మరి కోడ్‌లో బగ్ ఏంటి? డేటా తప్పు కాదు, డేటా వయసు తప్పు. 2013 నుంచి 2019 దాకా ఉన్న ప్రపంచం అలాగే ఉందని నా స్క్రిప్ట్ నమ్మింది. ఆఫీసులో ఎవరైనా జూనియర్ ఆరేళ్ల కిందటి డేటాతో మోడల్ ట్రెయిన్ చేస్తే నేనే ముందు క్లాసు పీకేవాణ్ణి.

ఇంకో చిన్న మెలిక. వచ్చిన ప్రతి డాలరూ స్టూడియోకి ఒకేలా చేరదు. అమెరికా టికెట్‌లో సుమారు సగం స్టూడియోకి వెళ్తుంది, చైనా టికెట్‌లో పావు వంతే. కాబట్టి చైనాలో పోయిన 50 మిలియన్లు పేపర్ మీద కనిపించినంత పెద్ద దెబ్బ కాదు. సూపర్‌మ్యాన్ బడ్జెట్ 225 మిలియన్లు. బడ్జెట్‌కి రెండున్నర రెట్లు వస్తే గట్టెక్కినట్టు అని ఒక మోటు లెక్క వాడతారు. అలా చూస్తే 562 కావాలి, 616 వచ్చింది. కాబట్టి నా దృష్టిలో ఇది హిట్టే, కానీ కొత్త యూనివర్స్‌కి పునాది వేసేంత భారీ హిట్ కాదు. స్టూడియో మాత్రం ఆగలేదు. సెప్టెంబర్‌లోనే తర్వాతి సినిమా 'మ్యాన్ ఆఫ్ టుమారో' 2027 జులై 9న అని ప్రకటించేశారు. రెండో వీకెండ్ డ్రాప్ 53 శాతం దగ్గర నిలవడమే వాళ్లకి ధైర్యం అని నా అనుమానం. రెండు వారాల తర్వాత వచ్చిన 'ఫెంటాస్టిక్ ఫోర్' దాదాపు అంతే ఓపెనింగ్ తెచ్చుకుని, అదే ఏ మైనస్ గ్రేడుతో, రెండో వీకెండ్‌లో 66 శాతం పడింది. మొత్తం 521. గ్రేడ్ ఒకటే అయినా కింద పడిన లోతు వేరు. ఇది ఎందుకో నా దగ్గర ఏ ఫార్ములా లేదు.

అయితే అంకెలన్నీ బాగున్నా యజమాని మారితే ప్లాన్ మారిపోతుంది. వార్నర్ బ్రదర్స్ డిస్కవరీ అక్టోబర్‌లో కంపెనీ అమ్మకానికి వచ్చే ప్రతిపాదనలు పరిశీలిస్తున్నామని అధికారికంగానే చెప్పింది. ఇది ఏ ఎక్సెల్‌లోనూ పట్టదు.

మన దగ్గర ఇలాంటి లెక్క వేయడం ఇంకా కష్టం. అక్కడ వసూళ్లు కామ్‌స్కోర్ లాంటి సంస్థ ద్వారా అందరికీ చేరతాయి. మనకి పోస్టర్ మీద వేసిందే అంకె, గ్రాసా నెట్టా షేరా అన్నది ఫ్యాన్ మూడ్‌ని బట్టి మారుతుంది. అయినా మల్టిప్లయర్ అంటే ఏంటో చెప్పమంటే నేను 'హను-మాన్' పేరే చెబుతాను. 2024 సంక్రాంతికి పెద్ద హీరోల మధ్య థియేటర్లు దొరక్క ఇబ్బంది పడి, మౌత్ టాక్‌తో వారాల తరబడి పెరిగింది. బాబాయ్ హాల్లో ఆ పండక్కి పెద్ద సినిమా ఉంది. రెండో వారం మార్చారు. "ఆ నెల నన్ను ఆదుకుంది అదే" అంటారు ఇప్పటికీ.

మళ్లీ ఆయన ప్రశ్నకే వద్దాం. వచ్చే రెండేళ్లలో ఈ తరహా పెద్ద సినిమాలు చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అన్నిటికంటే పెద్దది 2026 డిసెంబర్ 18న వచ్చే 'ఎవెంజర్స్: డూమ్స్‌డే'. మళ్లీ రుస్సో బ్రదర్స్, మళ్లీ రాబర్ట్ డౌనీ జూనియర్, ఈసారి విలన్ డాక్టర్ డూమ్‌గా.

ఈసారి పాత తప్పు చేయలేదు. ముందే చైనాని పక్కన పెట్టాను. 'ఎండ్‌గేమ్' 2.8 బిలియన్లలోంచి చైనా తీసేస్తే సుమారు 2.17 మిగులుతుంది. 'ఇన్ఫినిటీ వార్'లోంచి తీసేస్తే 1.69. చైనాలో విడుదలే కాకుండా 'స్పైడర్‌మ్యాన్: నో వే హోమ్' 1.9 బిలియన్లు దాటింది కాబట్టి, పాత ముఖాలు తిరిగొస్తే జనం వస్తారన్నది నిజం. పోయినేడు 'డెడ్‌పూల్ అండ్ వోల్వరిన్' 1.3 బిలియన్లు దాటి మళ్లీ అదే చెప్పింది. కానీ డూమ్స్‌డేలో 'థండర్‌బోల్ట్స్', 'ఫెంటాస్టిక్ ఫోర్' పాత్రలూ ఉన్నాయి, ఆ సినిమాలు చూసినవాళ్లు తక్కువ. అదే రోజు 'డ్యూన్' మూడో భాగం కూడా వస్తోంది, ఐమ్యాక్స్ తెరల కోసం కొట్లాట తప్పదు. నా అంచనా: అమెరికాలో 220 నుంచి 260 మిలియన్ల ఓపెనింగ్, ప్రపంచం మొత్తం 1.5 నుంచి 1.9 బిలియన్లు. రూమ్మేట్ మళ్లీ తల ఎత్తకుండా "1.4" అన్నాడు. భయంగా ఉంది.

దాని తర్వాత 2027 డిసెంబర్ 17న 'సీక్రెట్ వార్స్' ఉంది. ఇందాక చెప్పిన లెక్క ప్రకారం, దాని ఓపెనింగ్ డూమ్స్‌డే రెండో వీకెండ్‌లోనే తేలిపోతుంది.

ఇదంతా బాబాయ్‌కి ఫోన్‌లో చెప్పాను. ఈ డబ్బింగ్ సినిమాల్ని నమ్ముకుని మాత్రం లీజు పొడిగించొద్దు అన్నాను. రెండేళ్లలో గట్టిగా నమ్మదగ్గవి మూడో నాలుగో, ఒక్కోటీ బతికేది మన టౌన్‌లో వారమో పది రోజులో. తెలుగు సినిమాలకి లీజు గిట్టుబాటైతేనే ఉంచుకోండి, వీటిని పైన వచ్చే డబ్బుగా చూడండి. డూమ్స్‌డే మాత్రం వేయండి. సంక్రాంతికి ఇంకా దాదాపు నాలుగు వారాలు ఉంటుంది కాబట్టి హాలు ఖాళీగానే ఉంటుంది. కానీ ఒక్క వారానికే ఒప్పుకోండి, రెండో వారం సంగతి సోమవారం మ్యాట్నీ చూసి తేల్చుకోండి.

అటువైపు కాసేపు చప్పుడు లేదు.

"సోమవారం మ్యాట్నీ సంగతి నీకు చెప్పింది నేనే కదరా" అన్నారు. "లీజు ఆయన్ని అద్దె తగ్గించమని అడుగుతా. తగ్గిస్తే ఒక ఏడాదికి రాయించుకుంటా, రెండేళ్లకి కాదు. నీ డూమ్స్‌డే దాకా ఉంటే చాలు."