బండి అర్బాబ్‌ది, పాయింట్లు డ్రైవర్‌వి

షార్జాలో ఒక ఇంట్లో డ్రైవర్‌గా చేస్తున్న తమ్ముడొకరు పోయిన ఎండాకాలంలో మాకు ఫోన్ చేశారు. ఊరు జగిత్యాల వైపు. తొమ్మిదేళ్లుగా అదే ఇల్లు, అదే అర్బాబ్. "అన్నా, నేను స్పీడు పోలే, సిగ్నల్ దాటలే. బండి మొత్తుకుంటున్నదని పోలీసాయన ఆపిండు. నా లైసెన్సు మీద పన్నెండు పాయింట్లు ఎక్కినయి" అన్నాడు.

సంగతేమిటంటే, ఆ ఇంటి పెద్దకొడుకు సనయ్యలో ఒక గరాజ్‌కు తీసుకుపోయి పెద్ద బండి సైలెన్సర్ మార్పించాడు. యాక్సిలేటర్ తొక్కితే గర్జించే పైపు వేయించుకున్నాడు. రాత్రి పూట స్నేహితులతో తిరిగేది ఆయన. పొద్దున అదే బండిలో చిన్నపిల్లలను బడికి దింపేది మన తమ్ముడు. దొరికింది పొద్దున పూట.

జుర్మానా 2,000 దిర్హాములు. ఆ డబ్బు అర్బాబ్ అదే రోజు కట్టేశాడు, మంచివాడే. కానీ పాయింట్లకు డబ్బు కడితే పోవు. యూఏఈలో 2017 జూలై నుంచి అమలైన ట్రాఫిక్ నేరాల పట్టికలో, ఎక్కువ శబ్దం చేసే బండి నడిపినందుకు 2,000 దిర్హాములు, 12 నల్ల పాయింట్లు అని ఉంది. ఏడాదిలో 24 పాయింట్లు నిండితే లైసెన్సు ఆపేస్తారు, మొదటిసారి మూడు నెలలు. అంటే ఇంకొక్కసారి ఆపితే చాలు. లైసెన్సు లేని డ్రైవర్‌కు ఏ ఇంట్లోనైనా జీతం ఎందుకిస్తారు? ఇంటి డ్రైవర్లు, కంపెనీ పికప్ నడిపేవాళ్లు చాలామంది "బండి నాది కాదు కదా, నాకేం" అనుకుంటారు. రోడ్డు మీద ఆపినప్పుడు పోలీసు చూసేది స్టీరింగ్ పట్టుకున్నది ఎవరనేదే.

ఇంజన్‌లోగానీ, చాసిస్‌లోగానీ అనుమతి లేకుండా మార్పు చేయించడం అదే పట్టికలో ఇంకో నేరం. 1,000 దిర్హాములు, 12 పాయింట్లు, 30 రోజులు బండి జప్తు. అబూ ధాబీలో 2020లో వచ్చిన చట్టం ప్రకారం అలా జప్తయిన బండి విడిపించుకోవాలంటే 10,000 కట్టాలి. దుబాయ్‌లో 2023 నాటి డిక్రీ కూడా వేగం పెంచే, మోత పెంచే మార్పులకు అదే 10,000 అంటుంది. ఇది బండి యజమాని కట్టాల్సిన డబ్బే. కానీ ఆ కోపం ఎవరి మీద తీరుతుందో పని చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఏజెన్సీ వాళ్లు లిఫ్ట్ ఎక్కించి చూస్తే

తమ్ముడి కథ పాయింట్లతో ఆగలేదు. రెండు నెలల తర్వాత డాష్‌బోర్డు మీద ఇంజన్ లైటు వెలిగింది. వెనక బంపర్ దగ్గర ప్లాస్టిక్ కరిగింది, ఒక వైరు కాలింది. బండి కొని రెండేళ్లే, వారంటీ ఉంది. ఏజెన్సీకి తీసుకుపోతే లిఫ్ట్ ఎక్కించి, కింద ఫొటోలు తీసి, "సైలెన్సర్ కంపెనీది కాదు, దీనివల్ల అయిన నష్టం మేము చెయ్యం" అని కాగితం మీద రాసిచ్చారు.

దీన్ని కొంచెం విడమరచాలి. ఇంజన్‌లో కాలిన పొగ ముందు క్యాటలిటిక్ కన్వర్టర్ అనే డబ్బాలోకి పోతుంది. లోపల తేనెపట్టులా సన్నని గదులుంటాయి, వాటి మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది. విషపు పొగను ఆ పూత కొంత మంచి పొగగా మారుస్తుంది. దానికి ముందూ వెనకా ఆక్సిజన్ సెన్సర్లు కూర్చుని లెక్క చూస్తుంటాయి. ఆ తర్వాత శబ్దం మింగే సైలెన్సర్, చివర పైపు. వీటి పక్కనే వేడి ఆపే రేకులు ఉంటాయి. గరాజ్‌లో పైపు కోసి వెల్డింగ్ చేసేటప్పుడు ఆ రేకులు పీకి పారేస్తారు, పైపు రెండు అంగుళాలు అటో ఇటో జరుగుతుంది. ఆ పైపు వేడి కొన్ని వందల డిగ్రీలు ఉంటుంది. ఆగస్టు ఎండ దానికి తోడు. బ్యాటరీ వైరు విప్పకుండా వెల్డింగ్ చేస్తే బండి కంప్యూటర్ కూడా చెడవచ్చు.

ఇక్కడ చాలామంది రెండు రకాలుగా తప్పు అనుకుంటారు. "పైపు మార్చాం కదా, వారంటీ మొత్తం పోయింది" అని కొందరు. "సైలెన్సర్‌కూ ఇంజన్‌కూ సంబంధం ఏంటి, వాళ్లు చెయ్యాల్సిందే" అని ఇంకొందరు. రెండూ పూర్తిగా నిజం కాదు. మామూలుగా ఏజెన్సీ నిరాకరించేది ఆ మార్పు వల్ల చెడిన భాగాన్ని. సైలెన్సర్ మార్చినందుకు పవర్ విండో పని చెయ్యకపోతే చెయ్యమనడం అన్యాయమే, గట్టిగా అడగవచ్చు. కానీ ఆక్సిజన్ సెన్సర్, టర్బో, పొగ వైపు ఉన్న వైర్లు, కొన్నిసార్లు ఇంజన్ కూడా ఆ మార్పు ఖాతాలోనే వేస్తారు. వారంటీ పుస్తకంలో ఈ మాట రాసి ఉంటుంది. ఆ పుస్తకం డాష్‌బోర్డు అరలో ప్లాస్టిక్ కవర్ కూడా తియ్యకుండా పడి ఉంటుందనుకోండి, అది వేరే సంగతి.

పాత సైలెన్సర్ తుప్పు పట్టి, దాని బదులు కంపెనీదో, దానికి సమానమైనదో వేయిస్తే అది మార్పు కాదు, మరమ్మతు. బిల్లు దాచుకుంటే చాలు.

ఇన్సూరెన్స్ ఎక్కడ ఇస్తుంది, ఎక్కడ వెనక్కి అడుగుతుంది

యూఏఈలో ఇన్సూరెన్స్ లేకుండా ముల్కియా రాదు. కనీసం థర్డ్ పార్టీ ఉండాలి. 2017 జనవరి నుంచి అన్ని కంపెనీలదీ ఒకే నమూనా పాలసీ. అందులో మన డ్రైవర్లకు తెలియాల్సిన మాట ఒకటుంది. ప్రమాదంలో ఎదుటివాళ్లకు నష్టమైతే కంపెనీ వాళ్లకు డబ్బు ఇస్తుంది. కానీ కొన్ని సందర్భాల్లో ఆ ఇచ్చిన డబ్బు ఇన్సూరెన్స్ తీసుకున్నవాళ్ల నుంచి, లేదా నడిపినవాళ్ల నుంచి తిరిగి రాబట్టుకునే హక్కు కంపెనీకి ఉంటుంది. లైసెన్సు లేకుండా నడపడం, తాగి నడపడం, పాలసీలో రాసిన పనికి కాక వేరే పనికి బండి వాడడం, ముఖ్యమైన సంగతి దాచి పాలసీ తీసుకోవడం లాంటివి అందులోకి వస్తాయి. (కార్ లిఫ్ట్ పేరుతో సొంత కారులో నెలకింత అని తీసుకుని మనుషులను ఎక్కించుకునే తమ్ముళ్లు ఆ మూడోది ఇంకోసారి చదవండి.)

రిన్యూవల్ ఫారంలో బండిలో మార్పులు ఉన్నాయా అని అడిగినచోట లేవని రాస్తే, అది దాచినట్టే. ఫారం నింపేది అర్బాబో, మందూబో. ఆ పెట్టెలో ఏం టిక్కు పెట్టారో డ్రైవర్‌కు తెలియదు. మనిషి చనిపోతే ఇక్కడ దియా సొమ్మే 2,00,000 దిర్హాములు. ఆ డబ్బు మీద వాదన మొదలైతే ఎవరెవరి పేర్లు కోర్టు కాగితం మీదికి ఎక్కుతాయో ఊహించుకోండి.

సొంత బండి నష్టానికి, అంటే ఫుల్ ఇన్సూరెన్స్ విషయంలో, వాళ్లు ఇంకా గట్టిగా పట్టుకుంటారు. బండి కింద మంట లేచి కాలిపోతే సర్వేయర్ మొదట చూసేది ఆ పైపునే. చెప్పని మార్పు వల్లే మంట వచ్చిందని తేలితే డబ్బు ఆపుతారు. అదే, మీరు సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే వెనకవాడు వచ్చి గుద్దాడనుకోండి. తప్పు వాడిది, ఇచ్చేది వాడి ఇన్సూరెన్స్. మీ సైలెన్సర్ సంగతి దానికి అడ్డం రాకూడదు. ఎవరైనా ఆ మాట చెప్పి బెదిరిస్తే నమ్మకండి. ఏదైనా సరే, పోలీసు రిపోర్టు లేనిదే ఏ గరాజూ ప్రమాదం బండిని ముట్టదు, ఏ కంపెనీ క్లెయిమ్ తీసుకోదు. కాబట్టి "మనలో మనం చూసుకుందాం" అనే మాటకు లొంగవద్దు.

పాత డబ్బా అమ్మితే

ఇది కంపెనీ పికప్‌లు, సైటు వ్యాన్లు నడిపేవాళ్లకు. బండి గుంజడం లేదని గరాజ్‌కు పోతే మెకానిక్ అంటాడు: "కన్వర్టర్ బ్లాక్ అయింది భాయ్, కొత్తది వేలల్లో అవుతుంది. లోపలి జాలీ కొట్టేసి ఖాళీ పైపు పెడతా, పాతదానికి నేనే నీకు నాలుగు వందలు ఇస్తా." వినడానికి లాభమే. ఆ డబ్బాలో ఉన్నది పైన చెప్పిన ఖరీదైన లోహాలు, అందుకే అతను డబ్బు ఇస్తున్నాడు. ఆ డబ్బా కంపెనీ ఆస్తి. మీరు డబ్బు తీసుకుంటే అది మరమ్మతు కాదు, దొంగతనం కింద కేసు పెట్టడానికి వీలుంటుంది. కేసు తేలేదాకా దేశం వదలలేకపోవచ్చు. ఆ మీద రిజిస్ట్రేషన్ రిన్యూవల్‌లో పొగ పరీక్ష ఫెయిల్ అవుతుంది, ఎవరు పీకారని వెతుక్కుంటూ వస్తారు. నాలుగు వందల కోసం ఈ తలనొప్పి ఎందుకు?

జీతంలో కోత

అన్నిటికన్నా మాకు ఎక్కువ ఫోన్లు వచ్చేది దీని మీదే. ఏజెన్సీ చెయ్యనంది, ఇన్సూరెన్స్ ఇవ్వనంది, "నీ జీతంలో పట్టుకుంటా" అంటారు.

ఇంట్లో పనిచేసే డ్రైవర్ 2022 నాటి 9వ నంబరు గృహ కార్మికుల చట్టం కిందికి వస్తాడు, వంటమనిషి, పిల్లలను చూసే అక్కలాగే. కార్మికుడి తప్పు వల్ల వస్తువు పాడైతే, ఇద్దరూ ఒప్పుకున్నాకే కోత. అదీ నెల జీతంలో నాలుగో వంతు దాటకూడదు. 1,600 జీతమైతే 400. ఒప్పుకోకపోతే సంగతి కార్మిక మంత్రిత్వ శాఖకు పోతుంది, అర్బాబ్ సొంతంగా తేల్చేది కాదు. కంపెనీలో పనిచేసేవాళ్లకు 2021 నాటి 33వ చట్టం. అక్కడ కూడా కార్మికుడి తప్పు వల్ల, లేదా చెప్పిన సూచన మీరడం వల్ల అయిన నష్టానికే కోత, అన్ని కోతలూ కలిపి సగం జీతం దాటకూడదు. పాస్‌పోర్టు పట్టుకోవడం ఏ కారణానికీ చెల్లదు.

అసలు మెలిక "తప్పు ఎవరిది" అన్న దగ్గర. మన తమ్ముడు అక్కడే బయటపడ్డాడు. పైపు మార్చిన రోజు పెద్దకొడుకు గరాజ్ నుంచి వాయిస్ మెసేజ్ పెట్టాడు, బండి వచ్చి తీసుకుపో, కొత్త సౌండ్ వినమని. మొదటిసారి పోలీసు ఆపినప్పుడు తమ్ముడు అర్బాబ్‌కు జుర్మానా ఫొటో పంపి, "సార్, సైలెన్సర్ మార్చండి, నాకు పాయింట్లు పడుతున్నాయి" అని హిందీలో రెండు ముక్కలు రాశాడు. ఆ రెండు మెసేజ్‌లు చూపించాక కోత మాట మళ్లీ రాలేదు. మెసేజ్ కూడా పెట్టకుండా ఊరికే నోటితో చెప్పి ఉంటే ఏమయ్యేదో తెలియదు. బండి ఇచ్చినప్పుడు కింద ఫొటో ఒకటి, కిలోమీటర్ల ఫొటో ఒకటి తీసుకోండి. గరాజ్‌కు పంపితే ఎవరు పంపారో రాతలో ఉండనివ్వండి.

ఇంకో మాట, ఇది డబ్బుది కాదు. డ్రైవర్లు గంటల తరబడి బండిలో ఏసీ వేసుకుని ఎదురుచూస్తారు, నిద్రపోతారు. పిల్లలను చూసే అక్కలు వెనక సీట్లో పిల్లలతో కూర్చుంటారు. పైపు కోసి అతికినచోట సందు ఉంటే కార్బన్ మోనాక్సైడ్ బండిలోకి వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, వాంతి వచ్చేట్టు ఉండడం, మత్తు, అంతే గుర్తు. బేస్‌మెంట్ పార్కింగ్‌లో ఇంకా ప్రమాదం. సైలెన్సర్ మార్చిన బండిలో ఇంజన్ నడుస్తుండగా నిద్రపోకండి. తల తిరిగితే ముందు డోర్ తీసి, పిల్లలను తీసుకుని బయటికి రండి, ఫోన్లు తర్వాత.

నలుగురు కలిసి పాత కారు కొనేవాళ్లు డబ్బు ఇచ్చేముందు లిఫ్ట్ ఎక్కించి కింద చూపించమనండి. వెనకటి ఓనర్ చేసిన మార్పు మీ పేరు మీద ముల్కియా మారిన రోజు నుంచి మీదే.

జీతం కోత గురించి మంత్రిత్వ శాఖ కార్మిక సలహా నంబరు 80084. దుబాయ్ భారత కాన్సులేట్ వారి ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం 80046342, డబ్బు పడదు. తమ్ముడి బండికి ఇప్పుడు కంపెనీ సైలెన్సరే ఉంది. పెద్దకొడుకు వేరే కారు కొనుక్కున్నాడు. దాన్ని మాత్రం తాను నడపనని తమ్ముడు మొదటి రోజే చెప్పేశాడట.