గాలితుపాకి – బాలురు – పెద్దల బాధ్యత

గత వేసవి సెలవులకు ముందు ఒక విద్యార్థి తండ్రిగారు పాఠశాలకు వచ్చి, “అయ్యా, మావాడు ఎయిర్‌గన్ను కొనిపెట్టుమని పట్టుపట్టి కూర్చున్నాడు. కొనవచ్చునా?” అని నన్నడిగినారు. ఆయన మగ్గము నేసి కూడబెట్టిన సొమ్ముతో కొనవలసిన వస్తువది. నేను వెంటనే కొనుడనియు అనలేదు, వలదనియు అనలేదు. ఇట్టి ప్రశ్న మరికొందరి మనస్సులలోను ఉండవచ్చును. దీనికి సంబంధించిన శాసనములు ఇంగ్లీషునను కన్నడమునను దొరకునేగాని మన యిండ్లలో చదువుకొను తెలుగున దొరకుట అరుదు. అందుచే ఆ విషయమును ఈ సంచికలో విన్నవించుచున్నాను.

ఇది ఎట్లు పనిచేయును?

జాతరలలో బుడగలను కొట్టించు దుకాణమువద్ద అందరును దీనిని చూచియే యుందురు. ఇందు తుపాకిమందు ఉండదు. గొట్టమును క్రిందికి వంచినప్పుడు లోపలి బలమైన స్ప్రింగు అణగి నిలుచును. మీట నొక్కగానే అది పిస్టనును ముందునకు త్రోయును. దానియెదుటనున్న గాలి ఒక్కసారిగా కుదించుకొని సీసపుగుండును వెడలగొట్టును. మరియొక రకమున గాలిని పంపుతో ముందుగానే ఒక గొట్టములో నింపియుంతురు. ఇంకొక రకము బొగ్గుపులుసు వాయువుతో పనిచేయును.

“గాలియే కదా” యని తేలికగా చూడరాదు. 18వ శతాబ్దాంతమున ఆస్ట్రియా సైన్యము గాలితుపాకులను యుద్ధమునకే వాడినది. నేటి పోటీ తుపాకి నుండి అరగ్రాము గుండు సెకనుకు సుమారు 170 మీటర్ల వేగముతో వెడలును. సెకనుకు 100 మీటర్ల వేగమున్నచో గుండు చర్మమును చీల్చి లోనికి పోగలదు. కంటికి అంత వేగము కూడ అక్కరలేదు. పోయిన కన్ను మరల రాదు.

శాసనమేమి చెప్పుచున్నది?

1959 నాటి ఆయుధముల చట్టము క్రింద 2016లో క్రొత్త నియమములు వచ్చినవి. వాని ప్రకారము గొట్టపు రంధ్రము 0.177 అంగుళమునకు, అనగా 4.5 మిల్లీమీటర్లకు, మించకయు, గుండు శక్తి 20 జౌళ్ళకు మించకయు ఉన్న గాలితుపాకికి లైసెన్సు అవసరము లేదు. ఈ రెండింటిలో ఏది మించినను లైసెన్సు కావలెను. బేరమాడుటకు ముందే ఈ రెండు అంకెలను అడిగి, రసీదు తీసికొని, భద్రపరచవలెను.

కాని లైసెన్సు అక్కరలేదన్నంత మాత్రమున వేటకు అనుమతి దొరకినట్లు కాదు. ఇచ్చటనే చాలమంది పొరబడుచున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. చంపుట మాత్రమే కాదు, గాయపరచుటయు, పట్టుటయు, గ్రుడ్లు తీయుటయు ఆ చట్టము దృష్టిలో వేటయే. నెమలి, కృష్ణజింక మొదటి షెడ్యూలులోనివి. వానిని వేటాడినచో 3 సంవత్సరములకు తక్కువగాని శిక్ష పడును. అది 7 సంవత్సరముల వరకు ఉండవచ్చును. మన జిల్లాలోనే, మధుగిరి తాలూకా మైదనహళ్ళివద్ద, కృష్ణజింకలకు ప్రత్యేక రక్షిత ప్రదేశము కలదు. కుందేలు, కౌజు మొదలైనవి కూడ ఈ చట్టపు రక్షణలోనివే.

అడవిపందులు, నెమళ్ళు వేరుశనగ చేలను పాడుచేయుచున్నవని రైతులు బాధపడుట న్యాయమే. అయినను గాలితుపాకి దానికి మందు కాదు. ఆ గుండు పందిని చంపదు, గాయపరచి పిచ్చెక్కించును. మంచె, డబ్బా మ్రోత, కంచె, అటవీశాఖవారికి నష్టపరిహారపు అర్జీ – ఇవియే మార్గములు.

మన పెద్దలకు వేట తెలియనిది కాదు. కాని తిరుమలలో కనుమనాడు జరుగు పారువేట ఉత్సవమును చూడుడు. స్వామి వేటకు వెడలును, బల్లెము విసరుదురు. ప్రాణి చావకయే వేట ముగియును.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక బాలుడు గువ్వనొకదానిని రెండు చేతులలో పెట్టుకొని నా గదికి వచ్చినాడు. రెక్క మొదట గుండు దిగియుండెను. “సార్, బ్రతుకునా?” అని కొట్టిన వాడే అడిగినాడు. సాయంకాలమునకు అది చచ్చినది. వానిని నేను దండింపలేదు. వాని చేతికి తుపాకి నిచ్చి సంగతి చెప్పని పెద్దలలో నేనును ఒకడనని తోచినది.

కొనువారికి

ఒకటి: బాలుని బలమునకు తగిన బరువు చూడవలెను. ఆడుచున్న చేయి గురి నేర్వదు. రెండు: స్ప్రింగు రకము నేర్చుకొనుటకు చాలును, దీనికి పంపులు, సీసాలు అక్కరలేదు. మూడు: గొట్టము మూసినప్పుడు కదలిక లేక గట్టిగా కూర్చుండవలెను. నాలుగు: గురిచూచుటకు దుర్బిణి వలదు, ముందు వెనుకల నున్న గురిగుర్తులతోనే నేర్వవలెను. అధిక శక్తిని మెచ్చుకొని కొనుట వ్యర్థము. కాగితమునకు రంధ్రము చేయుటకు అల్పశక్తి చాలును.

వాడువారికి

తుపాకి ఎల్లప్పుడును నిండియున్నదనియే భావింపవలెను. దాని మూతిని మనుష్యునివైపు నవ్వులాటకైనను త్రిప్పరాదు. గురి కుదిరిన పిదపనే వ్రేలు మీటపైకి పోవలెను. గురి వెనుక మట్టిగోడయో, పాతబట్టలు కుక్కిన పెట్టెయో ఉండవలెను. రాతిగోడ, ఇనుపరేకు వద్దు. గుండు తిరిగి వచ్చును. కంటికి అద్దములు ధరింపవలెను. సీసము విషము, గుండ్లను నోట పెట్టుకొనరాదు, పని ముగియగానే సబ్బుతో చేతులు కడుగవలెను. గుండు లేక ఉత్తగా పేల్చినచో స్ప్రింగు చెడును. తుపాకిని ఒకచోట, గుండ్లను వేరొకచోట తాళము వేసి ఉంచవలెను. పాఠశాలకు ఎన్నడును తేరాదు.

ఇట్లు నేర్చినచో ఇది గొప్ప విద్య. పోటీలలో గురి 10 మీటర్ల దూరమున నుండును. రైఫిలు పందెపు గురి నడుమనున్న పదిమార్కుల చుక్క వ్యాసము అర మిల్లీమీటరు మాత్రమే. దానిని కొట్టుటకు కండలకన్న ఊపిరి నిలకడ, మనోనిగ్రహము ముఖ్యము. హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ 2012 లండను ఒలింపిక్సులో ఈ గాలిరైఫిలుతోనే కాంస్యపతకము గెలిచినాడు. 2023లో జరిగిన ఆసియా క్రీడలలో హైదరాబాదు బాలిక ఈషా సింగ్ గాలిపిస్తోలులో రజతము పొందినది. వీరి గురి కాగితమే గాని పిట్ట కాదు.

ఆ తండ్రిగారికి నేను చెప్పినది ఇంతే: “మీరు ప్రక్కన నిలువగలిగిన గంటలోనే అది పెట్టె నుండి బయటికి రావలెను. అట్లయిన కొనుడు.” ఆయన కొంతసేపు ఆలోచించి, “అంత తీరిక చిక్కిననాడే కొందునయ్యా” అని వెళ్ళినారు. ఆ మాట నాకు సంతోషము కలిగించినది. తుపాకి వెల అంగడిలో చెప్పునంత మాత్రమే కాదు. ప్రక్కన నిలుచు పెద్దవారి కాలము కూడ దాని వెలలో చేరినదే.