కూలెంట్‌లోకి ఇంజన్ ఆయిల్ ఎందుకు వస్తుంది?

తిరువళ్ళూరులోని హిందుస్తాన్ మోటార్స్ కర్మాగారంలో 1998 నుంచి మిత్సుబిషి లాన్సర్ కార్లు తయారయ్యాయి. అలాంటి కార్ల ఇంజన్‌లో ఆయిల్‌కీ, కూలెంట్‌కీ వేరువేరు దారులుంటాయి.

మరి కూలెంట్ డబ్బాలో గోధుమరంగు జిడ్డు ఎందుకు తేలుతుంది?

ఇంజన్ నడిచేటప్పుడు ఆయిల్ ఒత్తిడి సాధారణంగా కూలెంట్ ఒత్తిడికన్నా ఎక్కువ. ఆయిల్ కూలర్‌కు చిల్లుపడినా, హెడ్ గ్యాస్కెట్ దెబ్బతిన్నా, సిలిండర్ హెడ్ పగిలినా ఆయిల్ కూలెంట్‌లోకి తోసుకువస్తుంది.

ఏ మెకానిక్ అయినా మొదట ఇంజన్ చల్లారనిచ్చి, ఆ తర్వాతే కూలెంట్ డబ్బా మూత తీయాలి. కూలెంట్ నుంచి వచ్చే ఆవిరిని నీలం రంగు పరీక్ష ద్రవంలోకి పంపుతారు. పెట్రోలు కారులో అది పసుపుగా మారితే, మండిన వాయువులు చేరాయన్నమాట. అనుమానం గ్యాస్కెట్ మీదికో, పగులు మీదికో వెళ్తుంది. మారకపోతే ఆయిల్ కూలర్‌ను విప్పి, గాలి ఎక్కించి, నీళ్ళలో ముంచుతారు. బుడగలొస్తే చిల్లు దొరికినట్టే!

పాడైన భాగం మార్చాక కూలెంట్ దారంతా కడగాలి. మిగిలిపోయిన ఆయిల్ రబ్బరు గొట్టాలను ఉబ్బించి పాడుచేస్తుంది.