నేలలో దిగిన పునాది: భూకంప తరంగం దగ్గర దాని తీరు

భూకంపం వచ్చినప్పుడు నేలలోకి దించిన పునాది, చుట్టూ ఉన్న మట్టి కదిలినట్టే కదలదు. మట్టిని పక్కలకు ఊపే ఎస్ తరంగం పైకి వస్తున్నప్పుడు ఒకే క్షణంలో మూడు మీటర్ల లోతున మట్టి ఒకలా, పైన మరోలా జరుగుతుంది. మట్టి అలా వంగగలదు, కాంక్రీటు పెట్టెలాంటి పునాది వంగలేదు. అందుకని అది పైమట్టి కదలికకూ అడుగుమట్టి కదలికకూ నడుమ సర్దుకుంటుంది. పక్కకు జరగడం కొంత తగ్గుతుంది. బదులుగా పునాది ఒకవైపు లేస్తూ మరోవైపు దిగుతూ ఒరుగుతుంది.

పునాదికీ నేలకూ మధ్య జరిగే ఈ చర్యల శాస్త్రానికి ఒక మూలం యంత్రాల దిమ్మెల్లో ఉంది. రైస్‌మిల్లులో ఇంజన్ తిరుగుతుంటే అదురు పక్క గోడల దాకా తెలుస్తుంది. దిమ్మె కంపనశక్తి అలలై నేలలోకి పోవడమే దానికి కారణం. నేలమీద గుండ్రటి బిళ్ల కంపిస్తే ఏమవుతుందో ఎరిక్ రీస్నర్ 1936లో లెక్కగట్టాడు. అంతకు ఏడాది ముందే జపాన్‌లో కత్సుతాడ సెజావా, కియోషి కనాయ్ ఇదే సంగతిని భవనాల వైపు నుంచి చూశారు. ఊగే కట్టడం తన శక్తిలో కొంత నేలకే తిరిగి ఇచ్చేస్తుందని, దానివల్ల ఊపు త్వరగా అణగుతుందని చెప్పారు. పునాది లోతుగా దిగితే అడుగుతోపాటు పక్కగోడలు కూడా మట్టిని తాకుతాయి కనుక శక్తి పోయే దారి పెరుగుతుంది.

నేలలో దిగిన పునాది చుట్టుపక్కల నేలకంటే తక్కువగా కదులుతుందనడానికి కొలతల సాక్ష్యం లాస్ ఏంజెలెస్‌లోని 14 అంతస్తుల హాలీవుడ్ స్టోరేజ్ భవనం ఇచ్చింది. దాని సెల్లార్‌లోనూ పక్కనున్న ఖాళీ స్థలంలోనూ కంపనలేఖినులు ఉండేవి. 1971 ఫిబ్రవరి 9 నాటి శాన్ ఫెర్నాండో భూకంపంలో వేగంగా అదిరే కంపనాలు బయటికంటే సెల్లార్‌లో తక్కువగా నమోదయ్యాయి.

1970ల్లో అణువిద్యుత్ కేంద్రాల భారీ పునాదుల కోసం ఈ తగ్గుదల ఎంతో లెక్కగట్టడం అవసరమైంది. 1977లో అమెరికాలోని ఎంఐటీలో ఎల్సాబీ, మోరే సులువైన సూత్రం ఇచ్చారు. పునాది లోతును తరంగదైర్ఘ్యంతో భాగించి, వచ్చినదాన్ని 2π తో గుణించి, కొసైన్ తీస్తే కదలికలో ఎంత మిగులుతుందో తెలుస్తుంది. ఈ విలువ 0.453 కంటే దిగదని హద్దు పెట్టారు.

నెల్లూరుకు పశ్చిమాన ఉన్న కలువాయి చుట్టుపక్కల నేలలకు ఇదే సూత్రాన్ని వర్తింపజేయవచ్చు. అక్కడ ఒకవైపు వెలిగొండల దాపున రాతినేల ఉంది, మరోవైపు పెన్నా ఒడ్డున ఒండ్రు, ఇసుక ఉన్నాయి. సెకనుకు ఐదుసార్లు ఊగే కంపనాన్ని, మూడు మీటర్ల సెల్లార్‌ను తీసుకుందాం. మెత్తటి ఒండ్రులో ఎస్ తరంగవేగం సెకనుకు 150 మీటర్లు అనుకుంటే తరంగదైర్ఘ్యం 30 మీటర్లు అవుతుంది, పక్క కదలిక సుమారు 19 శాతం తగ్గుతుంది. వేగం 800 మీటర్లుండే బండనేలలో తరంగదైర్ఘ్యం 160 మీటర్లు. అక్కడ తగ్గుదల ఒక శాతం కూడా ఉండదు. అంత పొడవైన అల ముందు మూడు మీటర్ల పునాది గాటులాంటిది.

ఈ లెక్క ఇక్కడ అనవసరమేమీ కాదు. 1967 మార్చి 27న ఒంగోలులో 5.4 తీవ్రతతో భూమి కంపించింది. భూకంపాలను తట్టుకునే కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 1893, తన 2016 కూర్పులో నెల్లూరును మూడో భూకంప జోన్‌లో చేర్చింది. 1962లో తొలిసారి వెలువడిన ఈ ప్రమాణం లోతు విషయంలో జాగ్రత్తగా నడుస్తుంది. 30 మీటర్లు, అంతకంటే లోతున ఉన్న అడుగుకు భూకంప త్వరణాన్ని సగంగా తీసుకోనిస్తుంది. నేలమట్టం నుంచి అక్కడి దాకా సమాన మెట్లలో తగ్గిస్తుంది. ఆ లెక్కన మూడు మీటర్ల దగ్గర తగ్గింపు 5 శాతమే. అదీ 2016 కూర్పు ప్రకారం నేల కింది భాగాలకే చెల్లుతుంది, పైనున్న అంతస్తులకు పూర్తి బలాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

ఎల్సాబీ, మోరే సూత్రం చెప్పినంత మేలు దక్కాలంటే గోడ పక్క మట్టి గోడను అంటుకునే ఉండాలి. తవ్విన గోతిని వదులు మట్టితో పూడిస్తే కుదుపులకు గోడకూ మట్టికీ మధ్య సందు పడుతుంది. అప్పుడు పునాది కొంతమేర నేలమీద పెట్టినదానిలాగే ప్రవర్తిస్తుంది. అందుకే గోతిని పొరలు పొరలుగా పూడ్చి, నీళ్లు చల్లి, దిమ్మిసతో గట్టిపరచాలి.