నీలిరంగు చూపే దారి

కాలికి ముల్లు గుచ్చుకొని చీము పట్టినపుడు గజ్జలో బిళ్ళ కట్టడం మన ఇళ్ళలో అందరికీ తెలిసిన సంగతే. ముల్లు దిగినది పాదంలో, నొప్పి గజ్జలో! ఈ రెండింటినీ కలిపే దారి శరీరంలో ఉన్నది. చర్మం నుండి శోషరసమనే పలుచని ద్రవాన్ని సన్నని నాళాలు గజ్జ, చంక, మెడలలోని చిన్న గ్రంథులకు చేర్చగా, అవి దానిని వడపోస్తాయి. ఆ గ్రంథి వాచినపుడు బిళ్ళ కట్టిందంటాము.

ఇటీవల ఒక సోదరి నా వద్దకు వచ్చారు. ఆమె తమ్ముని అరికాలిలో నల్లమచ్చ ఒకటి నెలల తరబడి పెరిగి రసి కారుతుండగా, ముక్క తీసి పరీక్షించి మెలనోమా అన్నారు. చర్మానికి రంగునిచ్చే కణాలలో పుట్టే క్యాన్సరు ఇది. మన దేశంలో అరుదే కాని, వచ్చినపుడు తరచు అరికాలిలో కనిపిస్తుంది. మచ్చ తీసేటపుడే నీలిరంగు ఎక్కించి, గజ్జలో ఒక గ్రంథిని వెదకి తీస్తామని సర్జను చెప్పారట. "ఆ రంగుతోపాటు జబ్బు ఒళ్ళంతా పాకదా డాక్టరు గారూ? కత్తి పడకుండా మీరే ఏదైనా లేపం ఇవ్వండి" అని ఆమె ప్రాధేయపడ్డారు.

నేను లేపం ఇవ్వలేదు. ఆమెకు చెప్పినదే ఇక్కడ వ్రాస్తున్నాను.

రంగు కొత్త దారి తవ్వదు, ఉన్న దారిని కనబరుస్తుంది, అంతే. మత్తు ఇచ్చిన తరువాత మచ్చ చుట్టూ చర్మంలోకి కొద్దిపాటి రంగు ఎక్కిస్తారు. కొద్ది నిమిషాలలోనే అది శోషరస నాళాల వెంట ప్రయాణించి మొదటి గ్రంథిని నీలంగా మారుస్తుంది. సర్జను గజ్జలో చిన్న గాటు పెట్టి ఆ నీలిగీతను అనుసరించి గ్రంథిని చేరుతారు. క్యాన్సరు కణాలు ఆ దారిన బయలుదేరి ఉంటే మొట్టమొదట ఆగే మజిలీ అదే. చాలాచోట్ల ముందుగానే టెక్నీషియం అనే స్వల్ప రేడియోధార్మిక పదార్థాన్ని కూడ ఎక్కించి, శబ్దం చేసే పరికరంతో గ్రంథి ఉన్న చోటు పసిగడతారు.

అమెరికాలోని శాంటామోనికాలో డోనాల్డ్ మార్టన్ బృందం 1992లో ఈ పద్ధతిని ప్రకటించినది. 223 మంది రోగులలో 237 చోట్ల వెదకగా 194 చోట్ల గ్రంథి దొరికినది. అంతకు ముందు గ్రంథులన్నిటినీ తీసివేయడమో, బిళ్ళ కట్టేవరకు వేచి ఉండడమో జరిగేది. అన్నీ తీస్తే శోషరసం పోయే దారి లేక కాలు జీవితాంతం వాచి ఉండే ప్రమాదం ఉన్నది. తొలి గ్రంథిలో కణాలు కనిపించినా, మిగిలినవన్నీ వెంటనే తీసినంత మాత్రాన ఆయుర్దాయం పెరగదని 2017లో వెలువడిన పెద్ద పరిశీలన తేల్చినది. కనుక ఈ పరీక్ష స్వయంగా చికిత్స కాదు. వ్యాధి ఎంతవరకు వచ్చినదో చెప్పి, తరువాతి మందులను నిర్ణయిస్తుంది.

ఆపరేషను తరువాత ఒకటి రెండు రోజులు మూత్రం నీలి ఆకుపచ్చగా రావచ్చు, కంగారు పడవద్దు. చర్మంపై నీలిమరక కొన్ని వారాలు, ఒక్కొక్కపుడు నెలలు నిలుస్తుంది. అరుదుగా కొందరికి రంగు పడక తీవ్రమైన ఎలర్జీ వస్తుంది. పూర్వం ఏ మందుకైనా దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే, గర్భవతి అయితే, తప్పక ముందే చెప్పాలి.

శస్త్రం ఆయుర్వేదానికి విరుద్ధమని కొందరి భ్రమ. అర్బుదాన్ని శేషం లేకుండా తొలగించకపోతే మళ్ళీ పెరుగుతుందని సుశ్రుతుడే చికిత్సాస్థానంలో హెచ్చరించాడు. పెరిగే మచ్చపై సున్నం, సోడా కలిపి కాల్చడం మాత్రం మహాపరాధం. మెలనోమా ఎన్ని మిల్లీమీటర్ల లోతు దిగినదన్న దానిని బట్టే ఈ పరీక్ష అవసరమా కాదా అని నిర్ణయిస్తారు. సాధారణంగా ఒక మిల్లీమీటరు దాటితే చేయించుకోమంటారు. పైన కాల్చివేస్తే ఆ కొలతే దొరకదు.

ఆ తమ్మునికి గజ్జలో ఒకే గ్రంథి తీశారు. అందులో కణాలు లేవు. మచ్చ తీసిన చోట తొడ చర్మం అతికించారు. మరునాడు మూత్రం రంగు చూసి అతడు బెదిరిపోతే, అక్కగారే ధైర్యం చెప్పారట.