తేనెటీగల బంక: ఏ చెట్టు జిగురో తెలిస్తేనే మందు

ప్రొపోలిస్ పేరుతో చుక్కల సీసాలు, గొంతు స్ప్రేలు, టూత్‌పేస్టులు ఇప్పుడు పుదుచ్చేరి లాంటి ఊళ్లకూ ఆన్‌లైన్‌లో సులువుగా వచ్చేస్తున్నాయి. గొంతునొప్పి మొదలు క్యాన్సర్ దాకా అన్నిటికీ పనిచేస్తుందన్న ప్రచారమూ వాటి వెంటే వస్తోంది. విదేశం నుంచి వచ్చిన సీసాలోని పదార్థం పేరూ, ఇక్కడి చెట్టు తొర్రలో తేనెటీగలు పోగుచేసిన పదార్థం పేరూ ఒకటే. లోపల ఉన్న రసాయనాలు మాత్రం ఒకటి కావు. ప్రొపోలిస్ ఆరోగ్యానికి మంచిదా కాదా అన్న చర్చలో ఎక్కువగా మరుగున పడిపోయేది ఈ సంగతే.

ప్రొపోలిస్ తేనె కాదు, మైనమూ కాదు. చెట్ల మొగ్గలు, బెరడు గాయాల నుంచి కారే జిగురును తేనెటీగలు కొరికి, వెనుక కాళ్లకు అంటించుకుని గూటికి తెస్తాయి. అక్కడ దాన్ని మైనంతో కలిపి మెదుపుతాయి. సాధారణంగా ఇందులో సగం జిగురు, మూడో వంతుకు దగ్గరగా మైనం ఉంటాయి. మిగిలింది సుగంధ తైలాలు, పుప్పొడి వగైరా. గ్రీకులో ప్రో అంటే ముందు, పోలిస్ అంటే నగరం. గూటి ద్వారం దగ్గర పూసే పూత కాబట్టి ఆ పేరు. గాయాలకు, చీము పట్టిన పుండ్లకు దీన్ని వాడతారని అరిస్టాటిల్ కాలానికే తెలుసు.

తేనెటీగలకు ఇది పగుళ్లు పూడ్చే లప్పం మాత్రమే కాదు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మార్లా స్పివాక్ బృందం పెట్టెల లోపలి గోడలకు ప్రొపోలిస్ సారం పూసి చూసింది. పూత ఉన్న పెట్టెల్లోని ఈగల ఒంట్లో బ్యాక్టీరియా తక్కువగా కనిపించింది. వాటి రోగనిరోధక జన్యువులు కూడా తక్కువగానే పనిచేశాయి. 2009లో ప్రచురితమైన ఈ ఫలితం అర్థం ఏమిటంటే, గోడలే కొంత కాపలా కాస్తుంటే ఒక్కో ఈగ తన శక్తిని ఆ పనికి అంతగా ఖర్చు పెట్టనక్కర్లేదు. వేల ప్రాణాలు ఇరుకైన చీకటి గదిలో, 35 డిగ్రీల వెచ్చదనంలో కిక్కిరిసి బతకాలంటే ఇలాంటి ఏర్పాటు లేకుండా కష్టమే.

అయితే మందు గుణం ఈగది కాదు, చెట్టుది. చెట్టు తన గాయాన్ని బూజు నుంచి, పురుగుల నుంచి కాపాడుకోవడానికి తయారు చేసుకున్న రసాయనాలనే ఈగ అరువు తెచ్చుకుంటుంది. యూరప్‌లో ఆ చెట్టు ఎక్కువగా పోప్లర్. అందుకే అక్కడి ప్రొపోలిస్ నిండా గాలంజిన్, క్రైసిన్, పినోసెంబ్రిన్ వంటి ఫ్లేవనాయిడ్లు, కెఫిక్ ఆమ్లపు ఎస్టర్లు ఉంటాయి. బ్రెజిల్ ఆకుపచ్చ ప్రొపోలిస్ బక్కారిస్ అనే పొద నుంచి వస్తుంది. అందులో ముఖ్యమైనది ఆర్టెపిల్లిన్-సి. అదే దేశపు ఎర్ర ప్రొపోలిస్ మూలం తీరప్రాంతంలో పెరిగే డాల్బెర్జియా. చెట్టు మారితే రంగు, వాసన, రసాయనం అన్నీ మారతాయి.

మరి పుదుచ్చేరిలో? ఇక్కడ చెట్టు కంటే ముందు ఈగ సంగతి చూడాలి. మన దేశవాళీ తేనెటీగ ఏపిస్ సెరానా తొర్రల్లో కాపురం ఉన్నా జిగురు జోలికి దాదాపు వెళ్లదు. కొమ్మకు అరచేతంత ఒకే పట్టు పెట్టే చిన్న తేనెటీగ ఏపిస్ ఫ్లోరియా మాత్రం చీమలు రాకుండా ఆ కొమ్మ చుట్టూ జిగురు పట్టీ వేస్తుంది. అది కాస్తంతే. కాబట్టి ఈ ప్రాంతపు సహజమైన ప్రొపోలిస్ అంటే ప్రధానంగా కుట్టని తేనెటీగలదే. శాస్త్రనామం టెట్రాగోన్యులా ఇరిడిపెన్నిస్. ఒళ్లు నాలుగు మిల్లీమీటర్లు మించదు. తమిళులు దీన్ని కొసు తేనీ అంటారు, అంటే దోమంత తేనెటీగ. చెట్టు తొర్రల్లోనూ పాత గోడల పగుళ్లలోనూ గూడు పెడుతుంది. గూటి నుంచి బయటికి పొడుచుకు వచ్చే సన్నని గొట్టం, లోపలి తేనె కుండలు, పిల్లల గదులు అన్నీ జిగురు, మైనం కలిపి చేసినవే. జిగురు లేకపోతే దీనికి ఇల్లే లేదు.

పుదుచ్చేరి చుట్టూ పొన్న, వేప, మామిడి, జీడిమామిడి ఉన్నాయి. ఊరాణి, పుదుపట్టు లాంటి చోట్ల గుళ్లను అంటిపెట్టుకుని తీరప్రాంతపు పొడి సతత హరిత వనాల ముక్కలు మిగిలాయి. పాండిచ్చేరి విశ్వవిద్యాలయం వాటి చెట్లను ఏళ్ల తరబడి లెక్కించింది. పోప్లర్ ఇక్కడి చెట్టు కాదు. అదే కేంద్రపాలిత ప్రాంతంలోని యానాంలో చూస్తే పక్కనే కోరింగ మడ అడవులు. అక్కడి ఈగకు దొరికే జిగురు ఇంకో రకం. ఒకే పాలన కింద ఉన్న రెండు ఊళ్ల ప్రొపోలిస్ కూడా ఒకటే అనుకోవడానికి లేదన్నమాట.

మామిడి దగ్గర ఇంకో చిక్కు ఉంది. థాయ్‌లాండ్ ప్రొపోలిస్‌లో కార్డాల్, కార్డనాల్ అనే పదార్థాలు దొరికాయి. జీడిగింజ పెంకు నూనెలో ఉండేవీ అవే. పచ్చి మామిడికాయ సొన మూతికి తగిలి పొక్కడం, జీడి చేతికి అంటి బొబ్బలెక్కడం మనకు కొత్త కాదు. ఆ కుటుంబపు రసాయనాలే ఇవి. పరీక్షనాళికలో క్యాన్సర్ కణాలను చంపినదే చర్మాన్నీ కాల్చగలదు. ‘సహజం’ అన్న ముద్ర చూసి ధైర్యపడే ముందు మామిడి సొనను గుర్తుచేసుకుంటే మేలు.

మనుషుల మీద జరిగిన పరీక్షల్లో ఆశ కలిగించేవి ఎక్కువగా పైపూతలే. హెర్పిస్ పుండ్ల మీద 2000లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 90 మందిని మూడు జట్లుగా చేశారు. కెనడా ప్రొపోలిస్ లేపనం రాసిన 30 మందిలో 24 మందికి పదో రోజుకు పుండ్లు మానాయి. ఎసైక్లోవిర్ లేపనం రాసిన వారిలో 14 మందికి, ఉత్త లేపనం రాసిన వారిలో 12 మందికి మానాయి. బాగున్న ఫలితమే. కానీ జట్టుకు 30 మంది చాలా తక్కువ, పైగా అది కెనడా జిగురు. నోటి పుండ్లు, చిగుళ్ల వాపు మీద కూడా కొన్ని మంచి ఫలితాలున్నాయి. లోపలికి తాగే చుక్కలు క్యాన్సర్‌ను నయం చేస్తాయనడానికి మాత్రం మనుషుల్లో రుజువు లేదు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2010లో ప్రొపోలిస్ ఆరోగ్య ప్రచారాలను అంగీకరించలేదు. పదార్థం ఏమిటో తగినంతగా నిర్ధారించలేదన్నది అది చెప్పిన కారణం. చెట్టు పేరు లేని సీసాకు ఇంతకంటే సూటి విమర్శ ఉండదు.

మన దేశపు ఈగల మీదా పని జరిగింది. పశ్చిమ మహారాష్ట్రలో నాటువైద్యంలో వాడే కుట్టని తేనెటీగల ప్రొపోలిస్‌కు సూక్ష్మజీవులను అడ్డుకునే గుణం ఉందని పుణె పరిశోధకులు 2012లో ప్రచురించారు. అది ప్రయోగశాలలో తేలిన మాట. డయాబెటిస్ ఉన్నవారి కాలి పుండు మీద ఇంట్లో తెచ్చిన బంక పూయడానికి అది అనుమతి పత్రం కాదు.

ఊళ్లో గూళ్ల నుంచి బంక గీకి వాడేవారు ఇంకొకటి గమనించాలి. జిగురు కరువైన చోట తేనెటీగలు ఆరని పెయింటును, రోడ్డు తారును కూడా తెచ్చి పూసుకోవడం నమోదైంది. ప్రొపోలిస్‌లో సీసం లోహం చేరే దారుల్లో అదొకటి. ఏటా రంగులు వేసుకునే గోడల మధ్య గూడు కట్టిన ఈగకు అది జిగురో రంగో తేడా తెలియదు.

దద్దుర్లు, పెదవి వాపు, దురద కనిపిస్తే వెంటనే ఆపేయాలి. తేనె, పుప్పొడి పడనివారు, ఆస్తమా ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా మొదలుపెట్టకూడదు. పసిపిల్లలకు వద్దు. చాలా చుక్కల మందులు ఆల్కహాల్‌లో తీసినవే. యూరప్‌లో ప్రొపోలిస్ అలర్జీ ఎంత మామూలంటే, చర్మవైద్యులు వీపు మీద పట్టీలు అంటించి చేసే ప్యాచ్ పరీక్షలో వాడే పదార్థాల జాబితాలో దీనికీ చోటుంది. తేనెటీగల పెంపకందారులకు చేతుల మీద వచ్చే ఎగ్జిమాకు కారణం చాలాసార్లు కుట్టు కాదు, ఈ బంకే.