చెవిలో బూజు: ఏ మందు మేలు?

వానలు కురిసి చెరువులు నిండగనే పిల్లలు ఈతకును, పెద్దలు పశువులను కడుగుటకును నీటిలో దిగుదురు. కొలది దినములకే పలువురికి చెవి దురద ఆరంభమగును. చెవి దిబ్బడ వేసినట్లుండును, వినికిడి మందగించును. పరీక్షించినచో లోపల తడిసిన కాగితము వంటి పదార్థమును, దానిపై నల్లని చుక్కలును కనబడవచ్చును. ఊరగాయ జాడీలో తడి చేరినపుడు పట్టునట్టి బూజే ఇచటను పట్టినది. ఆస్పర్‌జిల్లస్, కాండిడా అను శిలీంధ్రములు దీనికి ముఖ్య కారణములు.

దురద పుట్టగనే పుల్లతోనో, పిన్నీసుతోనో గీకుట, కాచిన నూనె పోయుట మన వాడుక. గీకిన చర్మము బూజునకు మరింత అనువగును. నూనె చెవిని ఆరనీయదు. చీముచెవికి వాడు యాంటీబయాటిక్ చుక్కలు బాక్టీరియాను చంపునేగాని బూజును చంపజాలవు. వానిని దీర్ఘకాలము వాడినచో బూజు ఇంకను ప్రబలును.

మరి ఏ మందు వాడవలెను? మందుకంటె ముందు శుభ్రపరచుట ముఖ్యము. వైద్యుడు బూజును తొలగించిననే మందు చర్మమునకు తగులును. పిమ్మట సాధారణముగా వాడునది 1 శాతము క్లోట్రిమజోల్ చుక్కలు. మికోనజోల్ అదే జాతి మందు. ఈ జాతిలో ఒకదానికంటె మరియొకటి మేలని తేల్చుటకు తగిన సాక్ష్యము లేదని 2021లో వెలువడిన కోక్రేన్ సమీక్ష తెలుపుచున్నది. కనుక ఖరీదైన మందే గొప్పదని భ్రమింపరాదు. నిస్టాటిన్ కాండిడాపై పనిచేయును. బోరిక్ ఆమ్లము, ఎసిటిక్ ఆమ్లము చెవిలో పులుపుదనము పెంచి బూజును అణచును. కాని మంట పుట్టించును. కర్ణభేరికి రంధ్రమున్నవారు ఈ ఆమ్లములను, జెన్షన్ వయొలెట్‌ను స్వయముగా వాడరాదు. అవి లోచెవికి హాని చేయగలవు. అందుచేత ఏ చుక్క వేయుటకైనను ముందు కర్ణభేరిని పరీక్షింపజేసికొనవలెను.

సీసాను అరచేతిలో కొంతసేపు ఉంచి, ప్రక్కకు పరుండి చుక్కలు వేసికొని, అయిదు నిమిషములు కదలక యుండవలెను. దురద తగ్గినదని నడుమ మానరాదు; వైద్యుడు చెప్పిన దినములన్నియు వాడవలెను. అంతవరకు చెవిలోనికి నీరు పోనీయరాదు. స్నానవేళ వాజలీను పూసిన దూదిని చెవి ద్వారమున ఉంచి, పిదప తీసివేయవలెను.

మధుమేహ రోగికి చెవిలో తీవ్రమైన నొప్పి కలిగినను, ఎవరికైనను ముఖము ఒకవైపు వంకర పోయినను ఒక్కదినమైనను ఆలసింపక ఆసుపత్రికి పోవలెను. అట్టి వ్యాధి ఎముకకు సైతము ప్రాకవచ్చును.

చెవిని పొడిగా నుంచుడు. పుల్లను దూరముగా నుంచుడు. పోయిన వినికిడిని తిరిగి తెచ్చుటకంటె ఉన్నదానిని కాపాడుకొనుట సులభము.